తుంగచాప కొలత

తాడేపల్లిగూడెంలో నేను పర్యవేక్షిస్తున్న కట్టడానికి నిన్న తలుపులు వచ్చాయి. కొత్త చెక్క మీద ఇంకా ఆరని వార్నిషు వాసన ముక్కుకు తగలగానే, కొల్లేటి మధ్య లంకలో అమ్మమ్మ ఇంటి అరుగూ, ఆ అరుగు మీద జెండా కప్పి దించిన మావయ్య శవపెట్టే గుర్తుకొచ్చాయి.

రత్నం మావయ్య అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, సైన్యంలో జవాను. సెలవు దొరికితే ఏలూరులో రైలు దిగి, మా ఇంట్లో ఒక పూట ఆగి, నన్ను వెంటబెట్టుకుని పడవ మీద లంకకు వెళ్ళేవాడు. దారిలో కలువకాడను తుంచి గొలుసుగా చీల్చి నా మెడలో వేసేవాడు. ముందురోజు వండిన కొరమీను పులుసును తెల్లవారి చద్దన్నంలో కలుపుకుని, ముళ్ళను పళ్ళెం అంచున పొడవుల వారీగా పేర్చేవాడు. గుమ్మంలో తల వంచకుండా లోపలికి రాలేనంత పొడగరి. మామూలు చాప మీద పాదాలు నేలకు ఆనేవి. అందుకని అమ్మమ్మ కొల్లేటి తుంగ కోసి, నీడన ఆరబెట్టి, అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి కొలిచి మరీ చాప అల్లింది.

"ఓ జానెడు ఎక్కువెయ్యవే అమ్మా, ఇంకా ఎదుగుతానేమో!"

"ఎదిగింది చాల్లే. ఇంకా ఎదిగితే ఇంటికప్పు లేపించాలి."

చాప సరిగ్గా తల నుంచి మడమ దాకా వచ్చింది.

సరిహద్దులో చనిపోయాడని కబురు వచ్చిన కొద్ది రోజులకు పెట్టె వచ్చింది. మా క్రైస్తవ కుటుంబాల్లో ప్రార్థన ముగిసేదాకా మూత తెరిచే ఉంచుతారు. ఊరంతా ముఖం చూశాకే మేకులు కొడతారు. ఈ పెట్టె మేకులతోనే వచ్చింది. అమ్మమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్ళి చాప తెచ్చి పెట్టె పక్కనే పరిచింది. చాప మూరెడు మిగిలిపోయింది.

"ఏవండీ బాబుగారూ," అని పెట్టెతో వచ్చిన విజయనగరం హవల్దారును అడిగింది, "మావోడు ఇందులో ఎలా పట్టాడండీ?"

అతను మా అమ్మ వైపు చూశాడు. అమ్మ బడిలో లెక్కల టీచరు. "ప్రేమకొద్దీ చాప పెద్దగా అల్లావమ్మా," అంది.

"నే అల్లింది నాకే చెప్తన్నావా? ఎవర్నో తెచ్చి నా కొడుకంటన్నారు. నువ్వూ వాళ్ళతో కలిసిపోయావే! తెరవండి బాబూ."

హవల్దారు తటపటాయిస్తుండగానే అమ్మ చేతులు చాచి మూత మీద పడిపోయింది. అది దుఃఖమని అందరూ అనుకున్నారు.

అమ్మమ్మ గోతిలో పిడికెడు మట్టి వేయలేదు. ఆ తర్వాత ఏటా సమాధుల పండగకు తాతయ్య సమాధికి సున్నం కొట్టి కొవ్వొత్తి వెలిగించేది. పక్కనున్న మావయ్య సమాధి వైపు తిరిగైనా చూసేది కాదు. అమ్మ లంకకు వెళితే, "వచ్చిందమ్మా సర్కారు మనిషి," అని ఎత్తిపొడిచేది. ఏలూరు వస్తే మాత్రం మా ఇంటికన్నా ముందు స్టేషనులో ఆగి, బండి దిగిన ప్రతి పొడుగాటి జవాను ముఖంలోకీ నిలదీసినట్టు చూసేది. చాప పొడవూ పెట్టె పొడవూ నా బుర్రలో ఎప్పటికీ పొసగలేదు. క్రమేణా నేనూ మా అమ్మను అమ్మమ్మ కళ్ళతోనే చూడసాగాను.

అమ్మమ్మను సమాధి చేసి వచ్చిన రోజు, వంటింట్లో అమ్మను నిలబెట్టి అడిగాను. అమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపలేదు.

"కొలత సరైందే. మందుపాతర పేలింది. పెట్టెలో మీ మావయ్య పూర్తిగా లేడు. హవల్దారు ఏలూరులోనే నాకు చెప్పాడు."

"మరి అమ్మమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఆవిడకి ఏం మిగల్చను? నన్ను తిట్టుకున్నా, వాణ్ణి వెతుక్కుంటూ స్టేషనుకి వెళ్ళేదిగా."

ఇప్పుడు ఆ లంక చుట్టూ తుంగ లేదు, చేపల చెరువుల గట్లున్నాయి. పడవ వెళ్ళిన దారిన మేత లారీలు తిరుగుతున్నాయి. అమ్మ కూడా లేదు. ఏలూరులో ఏ బండి ఆగినా జవాన్లు దిగుతూనే ఉన్నారు. వాళ్ళలో మావయ్య ఉండవచ్చునని అనుమానించేవాళ్ళు మాత్రం మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.