కంచె అవతలి రెండెకరాలు

మలయాలోని బటాంగ్ బెర్జుంటైలో రబ్బరు తోట గుమాస్తా కాంతయ్య మహా పిరికి మనిషి. ఆ పిరికితనమే అతని చేత నేల కొనిపించింది. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చాక తమలాంటి వలస వాళ్లను పొమ్మంటారేమోనని బెంగ. సొంత నేల ఉంటే ఎవరూ కదిలించలేరని, ఇళ్ల చుట్టూ సైన్యం వేసిన ముళ్లకంచె అవతల, అడవి అంచున రెండెకరాల రబ్బరు తోట కొన్నాడు. తెల్ల సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు కనక చవగ్గా వచ్చింది. అడవిలోని తిరుగుబాటుదారులకు చేరుతుందని, కంచె దాటి గుప్పెడు బియ్యం కూడా తీసుకెళ్లనిచ్చేవారు కాదు. దొరికితే జైలే.

కొన్నాక తొలిసారి భార్య బంగారమ్మను తీసుకెళ్లాడు. గేటు దగ్గర సోదాలో ఏమీ దొరకలేదు. తోటలో అడుగుపెట్టగానే ఆవిడ కొప్పులోంచి చిన్న మూట తీసి, పసుపు బియ్యం నేల మీద చల్లింది.

కాంతయ్య గేటు వైపు తిరిగి చూశాడు. "ఏటే అది? బియ్యం తెచ్చినావా?"

"బియ్యం కాదు లా, అచ్చింతలు. బూమితల్లి కాడికి ఉత్త సేతుల్తో వస్తామా?"

"ఆ మాట సోల్జర్లకి సెప్పు! అడివోళ్లకి మనమే కూడెడతన్నామంటారు!"

మోకాళ్ల మీద కూలబడి, ఆకులు తోసి గింజలన్నీ ఏరాడు. వాటిని గేటు దాటించలేడు, అక్కడ వదల్లేడు. అంతలో బూట్ల చప్పుడు వినిపించింది. పిడికిట్లోవి మట్టితో సహా నోట్లో పోసుకుని లేచాడు.

సైనికుడు దగ్గరికొచ్చి, ఈ తోట నీదేనా అని మలాయిలో అడిగాడు.

నోరు తెరిస్తే పసుపు కనిపిస్తుంది. తన నేల మీద నిలబడే, కాదన్నట్టు కాంతయ్య తల అడ్డంగా ఊపాడు.