దగ్గుందని చెప్పాను

తొంభైల చివర్లో బందరులో రోల్డ్‌గోల్డ్ నగలకు పూత వేసే షెడ్డులో పనిచేసేదాన్ని. యాసిడ్ ఆవిరికి మా ఆడవాళ్లందరికీ దగ్గే. ఒక ఆదివారం చర్చి ప్రార్థనలో కాస్త తెరిపిగా అనిపించేసరికి, ప్రభువు నా దగ్గు తీసేశాడని తొందరపడి సంఘం ముందు సాక్ష్యం చెప్పేశాను. మంగళవారానికి మళ్లీ మొదలైంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే, ఈ పనివల్ల ఏ జబ్బులొస్తున్నాయో పరిశోధించడానికి ఒక డాక్టరమ్మ వచ్చారు. ఓనరు పక్కనే నిలబడ్డాడు.

"ఈవిడకేం లేదండీ. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. ఏమ్మా, మీ దేవుడు బాగుచేశాడా, లేదా?" అని నవ్వాడు.

లేదని చెబితే పనీ పోతుంది, సంఘంలో పరువూ పోతుంది. అవునని చెబితే మిగతావాళ్లూ నోరు విప్పరు, మా అందరి బాధా కాగితానికెక్కకుండా పోతుంది.

"తొందరపడి చెప్పానండీ, తప్పు నాదే. దగ్గుంది. రాసుకోండి" అన్నాను.

"రేపట్నించి రావద్దు" అన్నాడు ఓనరు.

"అక్కతోపాటు నన్నూ మాన్పించండి. డాక్టరమ్మగారూ, నాదీ రాసుకోండి" అంటూ పక్కన పనిచేసే మరియమ్మ లేచింది. ఆమె వెనకే ఇంకో నలుగురు లేచారు.

డాక్టరమ్మ అందరిదీ రాసుకున్నారు. నా పని పోయింది. సంఘంలో కొందరు మాట్లాడటం మానేశారు. అయినా నేను ప్రార్థన మానలేదు. నా ప్రభువు గొప్పతనం నిలబడటానికి నా అబద్ధం అక్కర్లేదు.