డీజిలు తాగింది ఎవరో చెప్పిన మేస్త్రీ

మొన్న శుక్రవారం మా లారీలు బాగుచేసే మేస్త్రీ కన్నుమూశాడు. వినుకొండ నుంచి మిరపకాయల లోడుతో గుంటూరు వస్తుంటే, నరసరావుపేట దాటాక టీ కొట్టతను బండి ఆపి చెప్పాడు. గుండెపోటట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎడమ చెయ్యి లాగుతోందని నెల్లాళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆస్పత్రికి పొమ్మంటే, "ముందు ఈ గేరుబాక్సు దించనీరా" అన్నాడు. ఊళ్లో ఇంజన్లన్నిటి జబ్బులూ పట్టించుకున్న మనిషికి తన సంగతి పట్టలేదు.

చిలకలూరిపేట రోడ్డు మీద ఆయన షెడ్డు. ఇంజను ఆడుతుంటే పక్కన ఎవరూ మాట్లాడకూడదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ సమయంలో సొంత బావమరిది పలకరించినా తిట్లే. "మీ నోళ్లు మూస్తే దీని గొంతు వినపడుద్ది" అనేవాడు. రంజాన్ నెలలో తను ఉపవాసం ఉండి మాకు టీ తెప్పించేవాడు. అది చల్లారనిచ్చామని మళ్లీ తిట్టేవాడు.

నిరుడు మా ఓనరు టర్బో బండి కొన్నాడు. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే ఆ యంత్రం మా రోడ్లకు కొత్త. గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ ఎక్కుతుంటే, లోడు మీద టకటకమని కొట్టుకునేది. డీజిలు ముందుగా అంటుకుంటోందనుకుని, అది కాస్త ఆలస్యంగా పడేలా మేస్త్రీ పంపు టైమింగు వెనక్కి తిప్పాడు. చప్పుడు తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది, మళ్లీ తిప్పాడు. చివరికి బండికి సత్తువ పోయింది. నల్లపొగ కక్కుకుంటూ రెండో గేరులో పాకేది. డీజిలు మాత్రం కుండలతో తాగేది.

ఒకరోజు లారీ ఆఫీసు ముందు, డ్రైవర్లందరి ఎదుట, ఓనరు నా వైపు చూస్తూ, "ఎవడో నా డీజిలు అమ్ముకు తింటున్నాడు" అన్నాడు. "నన్నేనా అండీ?" అన్నాను. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు చూడండ్రా, దొంగ దొరికాడు" అని నవ్వి, బండి దిగమన్నాడు. ఆ ఆదివారం చర్చిలో నా భార్య పక్కన ఎప్పుడూ కూర్చునే ఆవిడ కాస్త ఎడంగా జరిగింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. దొంగన్న పేరు పడ్డవాడికి ఏ ఓనరు స్టీరింగు ఇస్తాడు?

ఈ మాట మేస్త్రీ చెవిన పడింది. ఓనరు ఇంటికెళ్లి, పోట్లాడి బండి తెచ్చాడు. మునుపటంత లోడే వేయించి, అదే ఘాట్ మీద నన్నే నడపమన్నాడు. చప్పుడు మొదలవగానే ఆపించి, టర్బో నుంచి వచ్చే గాలి గొట్టాన్ని పట్టి ఊపాడు. దాన్ని పట్టి ఉంచే క్లాంపు బోల్టు వదులైంది. లోడు మీద ఇంజను ఒరిగినప్పుడల్లా ఆ క్లాంపు ఇంజనుకు కొట్టుకుంటోంది. సైకిలు ట్యూబు ముక్క మడిచి మధ్యలో ఇరికించాడు. మళ్లీ ఎక్కాం. చప్పుడు లేదు. టైమింగు తిప్పినప్పుడు అది తగ్గింది జబ్బు నయమై కాదు, బలం తగ్గి ఇంజను ఒరగక. బోల్టు బిగించి, టైమింగును కంపెనీ పెట్టిన గుర్తు దగ్గరికే తెచ్చి, రోడ్డు పక్కన కూలబడ్డాడు. తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

"చప్పుడు విన్నాను గానీ, ఎక్కణ్ణుంచి అని అడగలేదురా. అడక్కుండా మందేశాను."

తిరిగొచ్చేటప్పుడు బండి కొత్తలో తాగినంతే తాగింది. మేస్త్రీ నేరుగా లారీ ఆఫీసుకెళ్లి, అందరూ వినేలా అరిచాడు. "ఓనరు గారూ, మీ డీజిలు తాగింది వీడు కాదు, నా చెయ్యి. టైమింగు చెడగొట్టింది నేను. వీణ్ణి దొంగన్న నోటితోనే కాదనండి."

"సర్లే, అయిందేదో అయింది. రేపు బండెక్కమను" అన్నాడు ఓనరు. నేను దొంగను కాదని మాత్రం అనలేదు. పైగా "పంపులు పాడుచేసే మేస్త్రీ, తనే ఒప్పుకున్నాడు" అని ఊరంతా చాటాడు. నేను ఆ బండి మళ్లీ ఎక్కలేదు. మేస్త్రీ మాట మీద ఇంకో ఓనరు నాకు పనిచ్చాడు. ఆయన షెడ్డుకు మాత్రం బండ్లు తగ్గాయి. నా వల్లే కదా అంటే, "నోర్ముయ్, ఆ స్పానరందుకో" అన్నాడు.

శుక్రవారం లోడు దించకుండానే బండి ఆపి పరుగెత్తాను. జనాజా బయల్దేరుతుంటే అందుకుని పాడెకు భుజం పట్టాను. ఓనరు కూడా వచ్చాడు. "మంచోడే పాపం, నా టర్బో బండి పాడుచేశాడు గానీ" అని పక్కవాళ్లతో అంటున్నాడు. జనాజా మోసేటప్పుడు నాలుగడుగులు వేసి పక్కవాడికి చోటివ్వాలి, అడిగినవాడికి కాదనకూడదు. క్రైస్తవుణ్ణి, నాకేం తెలుసు? తన అన్న పోయినప్పుడు మేస్త్రీయే చెప్పాడు.

ఓనరు నా పక్కకు వచ్చి, "ఏమోయ్, కాస్త నాకియ్యి" అన్నాడు.

"నన్ను దొంగన్నారుగా. కాదనండి, ఇస్తాను" అన్నాను.

అతను చుట్టూ చూశాడు. అందరూ వింటున్నారు. జనాజా ఆగలేదు. ఖబరస్తాన్ గేటు దాకా ఓనరు నా పక్కనే నడిచాడు, చెయ్యి సగం చాపి, నోరు మాత్రం విప్పకుండా.