అబ్బా చేతికి కట్టిన హాలీ రూపాయి

మొన్న పాత పెట్టె తెరిస్తే, కర్పూరమూ ఎండిన వేపాకూ కలిసిన వాసనలో ఒక ఆకుపచ్చ గుడ్డపీలిక బయటపడింది. దోహాలో టీచరుగా చేరబోతున్న మనవరాలి కోసం అలాంటిదే వెతుకుతున్నాను.

అది మా నాన్నది. మేము అబ్బా అనేవాళ్లం. మా గద్వాలలో దూరం పోయే మనిషి కుడిచేతికి గుడ్డలో రూపాయి చుట్టి ఇమాం జామిన్ కట్టేవారు. క్షేమంగా చేరాక ఆ రూపాయి ఫకీరుకు ఇస్తేనే ప్రయాణం ముగిసినట్టు. రంగూన్ బడిలో పాఠాలు చెప్పడానికి పోతున్న అబ్బాకు అమ్మీ మన నిజాం హాలీ రూపాయి కట్టింది. అది అక్కడ చెల్లదని ఒక్కరికీ తోచలేదు! అక్కడి ఫకీరు దాన్ని తిప్పి చూసి వెనక్కిచ్చాడనీ, బదులుగా రంగూన్ రూపాయి వేసి దీన్ని మళ్లీ చేతికే కట్టుకున్నాననీ అబ్బా జాబు రాశాడు.

"కట్టింది ఒకటి, ఇచ్చింది ఒకటి. గట్లయితే మొక్కు ఎట్ల తీరుతది?" అని అమ్మీ అన్నం కూడా సరిగా తినలేదు.

అబ్బా జీతం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని కర్నూలుకు మనియార్డరుగా వచ్చేది. అమ్మీ తమ్ముడు, మా మామూ, రైల్లో పోయి ఆ ఇంగ్లీషు కల్దారు రూపాయలు నడుముకు కట్టుకుని తెచ్చేవాడు. షావుకారు ఒక్కొక్కటీ రాతిమీద మోగించి, బట్టా, అంటే మారకం తేడా, కలిపి హాలీ రూపాయలు ఇచ్చేవాడు. ఆ సాయంత్రం ఇంట్లో నెయ్యి వాసన, పాలలో ఉడికే సేమ్యాలు, పక్కింటి మగ్గం చప్పుడుకు అడుగులు కలుపుతూ మా తొక్కుడుబిళ్ల.

రంగూన్ మీద బాంబులు పడ్డ చలికాలం మామూ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మరుసటి నెలా అంతే. రైలు కూత వినబడితే ఆట ఆపేసి అమ్మీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

"అబ్బా ఏడున్నడు అమ్మీ?"

"బాటల ఉన్నడు బిడ్డా. రూపాయి ఇంక దానం గాలే గద. జామీను ఇంక తీరలే."

అంతకాలం తనను కాల్చిన దిగులునే ఇప్పుడు ఆమె గట్టిగా పట్టుకుంది.

ఎండలు ముదిరాక, అడవులు దాటి నడిచి, వాచిన కాళ్లతో అబ్బా వచ్చాడు. అమ్మీ మంచినీళ్లయినా ఇవ్వకుండా అతని చేతికున్న ఆ ముడి విప్పి, రూపాయి పట్టుకుని చెప్పుల్లేకుండా దర్గా దగ్గరి ఫకీరు దగ్గరికి పరుగెత్తింది. అబ్బా కోటు అస్తరులో కుట్టుకుని తెచ్చిన బర్మా నోట్లను చూసి షావుకారు, "మాఫ్ చెయ్యి మాస్టర్ సాబ్, గివి ఈడ నడువయి" అన్నాడు. అమ్మీ మాత్రం ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

హాలీ సిక్కా పోయింది, కల్దారు పోయింది, బట్టా కట్టే షావుకార్లూ పోయారు. జీతాలిప్పుడు ఫోనులో వచ్చి పడుతున్నాయి.

"రియాల్ కట్టు నానీ, ఆడనే ఇచ్చేస్త" అంది మనవరాలు.

నేను మన రూపాయే కట్టాను. ఆ రూపాయిని ఇవ్వడానికి పిల్ల ఇక్కడికే రావాలి.