కొసరుగా వచ్చిన రెండు చెక్కలు

మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం నేర్పేవారు. జనగామ బజారులో మాది బట్టల దుకాణం. అటు పక్క మేనమామ కిరాణం, ఇటు పక్క చిన్నాయన గిన్నెల దుకాణం. మా నాయిన నన్ను గల్లా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన సూత్రాలు మూడు. కావలసిన వస్తువు వైపు చూడకు. బేరానికి పోయేటప్పుడు మంచి చొక్కా వేసుకోకు. బేరం కుదిరాక కొసరు అడగకుండా లేవకు. కొసరు అడగనివాడు కొన్నట్టు కాదు, దోపిడైనట్టు అనేవాడు.

ఆయన నాకిది నేర్పుతుంటే మా అక్క వెనక గోడకు ఆనుకుని రవికె గుడ్డలు మడతలు పెడుతూ ఉండేది. ఆమెకు మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు.

నలభై తొమ్మిదో ఏట నేను స్పోర్ట్స్ కారు కొన్నాను. అవసరమై కాదు. దుకాణానికి వ్యాను ఉంది, నాకు మోటారు సైకిలు ఉంది. భూపాలపల్లిలో ఒక పెళ్లికి పోయినప్పుడు, ఫంక్షన్ హాలు పక్కింటి రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింది నుంచి ఎర్రటి ముక్కు ఒకటి కనిపించింది. అంచు ఎత్తి చూశాను. రెండు తలుపులు, రెండే సీట్లు. ముందరి మూత నా మోకాలికి కాస్త పైన. ఆ పెళ్లిలో ఏం తిన్నానో ఇప్పటికీ గుర్తులేదు.

వారం తిరక్కుండా మళ్లీ పోయాను, ఈసారి పద్ధతి ప్రకారం. బస్సులో, కాలరు అరిగిన చొక్కాతో. కారు యజమాని టేకుమట్ల దిక్కు భూములున్న మనిషి, లారీలు తిప్పే కాంట్రాక్టరు. నేను కారు వైపు చూడలేదు. షెడ్డు రేకులు ఎక్కడ కొన్నాడో అడిగాను. ఈ ఏడు పత్తి ఎట్లా ఉందో అడిగాను. చాయ్ తాగి, గేటు దాకా పోయి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాను.

"అన్నా, గా ఎర్ర బండి ఏంది? ఖరాబైందా?"

"ఖరాబేం కాలే. నీకు కావాల్నా?"

"నాకెందుకే! ఊకెనే అడిగిన."

అతడొక ధర చెప్పాడు. నేను అందులో సగానికి కొంచెం పైన చెప్పి చెప్పులు వేసుకున్నాను. చెప్పులు వేసుకున్నవాణ్ని చేయి పట్టుకుని కూర్చోబెట్టడం బేరంలో మర్యాద. అతడు కూర్చోబెట్టలేదు.

"సరే, తీస్కపో" అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకున్నాడంటే నేను ఎక్కువ చెప్పినట్టే. ఇది మా బజారులో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ నా కళ్ల నిండా ఎరుపే ఉంది. అయినా మూడో సూత్రం మరిచిపోలేదు.

"మరి కొసరేం ఇస్తవన్నా?"

అతడు షెడ్డు మూలకు పోయి రెండు చెక్కలు తెచ్చి సీటు వెనక సందులో పెట్టాడు. రెండేసి మూరల పొడవు, జానెడు వెడల్పు, ఒక చివర ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. "గివి గూడ నీకే. పారెయ్యకు" అన్నాడు. వేలితో కొట్టి చూశాను. టేకు! కారుతో పాటు టేకు చెక్కలు కూడా లాగిన నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఊరి చివర మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా నిలిచింది. పెద్ద గంగాళాన్ని సిమెంటు మీద ఈడ్చినట్టు కింది నుంచి చప్పుడు. గిన్నెల దుకాణం పక్కన పెరిగినవాణ్ని, ఆ చప్పుడు ఖరీదు నాకు తెలుసు. కారు ఆపి అతడికి ఫోన్ చేశాను.

"అన్నా, బండి కింద తగులుతున్నది."

"చెక్కలు ఇచ్చిన గదనే" అన్నాడు, ఎంతో నెమ్మదిగా. "స్పీడ్ బ్రేకర్ ముందల రెండు చక్రాలకు రెండు పెట్టు. సాఫ్‌గ ఎక్కుతది. దాటినంక తీస్కో, మర్సిపోకు. నేనొకపాలి మర్సిపోయి ఆరు కిలోమీటర్లు వాపస్ పోయిన." ఫోన్ పెట్టేసే ముందు, "నువ్వు ఇంకింత తగ్గిస్తవనుకున్ననే" అన్నాడు.

భూపాలపల్లి నుంచి జనగామ దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో రోడ్లు వేసినవారికి తెలియకపోవచ్చు. నా మోకాళ్లకు తెలుసు. ఆ కారులోంచి దిగడమంటే చిన్న బావిలోంచి పైకి రావడం లాంటిది. దిగు, చెక్కలు పెట్టు, ఎక్కు, దాటు, దిగు, చెక్కలు తీయి, ఎక్కు. పగలు బయలుదేరినవాణ్ని దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను.

అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "నేను యాడ కూసోవాలె కొడుకా?" అంది.

నా భార్య ఆ ప్రశ్నను అక్కడికక్కడే తేల్చేసింది. "రెండో సీట్ల నేను కూసుంటె అత్తమ్మకు కోపం, అత్తమ్మ కూసుంటె నాకు కోపం. మేమిద్దరం ఆటోల వస్తం. నువ్వే కూసో నీ కార్ల."

బండికి పూజ చేయించడానికి చిల్పూర్ గుట్టకు అట్లాగే పోయాం. ఆటో వాళ్ల కంటే ముందు బయలుదేరింది నేనే. నేను చేరేసరికి ఇద్దరూ దర్శనం చేసుకుని, ఆకుల్లో పులిహోర తింటున్నారు. "వచ్చినవా? నీ తరుపున గూడ దండం పెట్టినం" అంది అమ్మ.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు దెబ్బ కూరగాయల బజారులో తగిలింది. టమాటాలమ్మే అవ్వతో నాకు ఇరవై ఏళ్ల బేరం. ఆమె ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను, ఇద్దరం తిట్టుకుంటాం, చివరికి గుప్పెడు మిరపకాయలు కొసరు వేస్తుంది. ఆ రోజు నేను నోరు తెరవగానే ఆమె నా భుజం మీదుగా కారును చూసింది.

"గసొంటి బండి పెట్టుకొని రూపాయికేడుస్తవేంది బిడ్డా?"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పిన ధరకు టమాటాలు కొన్నాను. మిరపకాయలు అడగలేదు. దుకాణానికి వస్తే అక్కడ తలకిందుల పాట. "సేటు, గా కారు మా పైసలతోనే గద కొన్నవ్, జర తగ్గియ్యి" అని గిరాకులు. కొనేచోట ఎక్కువ ఇస్తున్నాను, అమ్మేచోట తక్కువ తీసుకుంటున్నాను. కారు నడిచేందుకు పోసే పెట్రోలు కంటే, అది ఊరికే నిలబడి తాగేదే ఎక్కువని తెలిసింది.

అప్పుడు మహబూబాబాద్ నుంచి అక్క ఫోన్ చేసింది.

అక్క అక్కడ ఇంటి ముందరి గదిలో పదిహేనేళ్లుగా మిషను కుడుతోంది. చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు పెళ్లిళ్లకు రవికెలు ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. రవికె గుడ్డలు, లైనింగులు, లేసులు, దారాలు అన్నీ పెట్టి సొంతంగా మ్యాచింగ్ సెంటర్ తెరవాలని ఆమె కోరిక. కూరగాయల మార్కెట్ ఎదురుగా ఒక మల్గి, రోడ్డు మీదికి షట్టరున్న గది, ఖాళీ అయింది. అంతకంటే మంచి జాగా ఆ ఊళ్లో దుకాణానికి దొరకదు.

"కిరాయి పది వేలంటున్నడు తమ్మీ. ఏడు దాటితే నాతోని కాదు. సెల్ ఫోన్ల దుకాణమాయన గూడ అడుగుతున్నడట. రేపు పొద్దుగాల ఖరారు చేస్తనన్నడు. నువ్వు రావాలె. బేరం నీకే వస్తది."

బస్సులో పోవాలి. పాత చొక్కా వేసుకోవాలి. రెండూ తెలుసు. చొక్కా వేసుకున్నాను. బస్సు విషయానికి వచ్చేసరికి, సమయానికి అందకపోతే ఎట్లా అని ఒక అనుమానాన్ని తయారుచేసుకున్నాను. అక్క ఇంకా కారు చూడలేదన్నది అసలు సంగతి. ఎన్నో నాసిరకం గుడ్డలు ఎంతోమందికి అంటగట్టాను కానీ, ఆ పొద్దున నాకు నేను అంటగట్టుకున్నంత నాసిరకం సరుకు ఎప్పుడూ అమ్మలేదు.

తొర్రూరు దాటాక ఒక తండా దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో స్పీడ్ బ్రేకర్. నేను దిగి చెక్కలు పెడుతుంటే, కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు. వాళ్ల భాషలో ఒకామె ఏదో అంది, రెండో ఆమె పడి పడి నవ్వింది. నాకు అర్థం కాలేదని జాలిపడి మొదటామె తెలుగులో మళ్లీ అంది.

"అన్నా, గీ బండి నిన్ను మోస్తదా, నువ్వు దాన్ని మోస్తవా?"

కారును మల్గికి రెండు వీధుల అవతల దాచి నడిచి పోదామనుకున్నాను. కానీ ఆ వీధి మొదట్లో నడుమెత్తు సిమెంటు దిబ్బ ఒకటి ఉంది. అప్పటికి మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. ఏమవుతుందిలే అని తిన్నగా తెచ్చి మల్గి ముందే ఆపాను.

యజమాని డెబ్బై ఏళ్ల పెద్దమనిషి, పక్క ఊరి భూస్వామి. మల్గి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్క పక్కన నిలబడి ఉంది. నేను బావిలోంచి పైకి వచ్చేదాకా ఆయన ఓపికగా చూశాడు.

"గీయననా నీ తమ్ముడు?" అన్నాడు అక్కతో. "మంచిగుంది. పది అని నేనే తక్కువ చెప్పిన బిడ్డా."

నా దగ్గరున్న విద్యంతా చూపించాను. గోడ చెమ్మ చూపించాను. షట్టరు తుప్పు చూపించాను. మల్గి ముందు మురుగు పారే మోరి మీద బండ పగిలి రెండు ముక్కలైంది, అది చూపించాను. ప్రతి మాటకూ ఆయన కారు వైపు చూసి నవ్వాడు. "పెద్ద మనుషులు, గింత దానికి గింత మాట్లాడుతరా!" అన్నాడు. చివరికి చెప్పులు వేసుకుని లేచాను. ఎవరూ చేయి పట్టుకోలేదు. "ఫోన్లాయన పదకొండుకొస్తడు" అన్నాడు, గడియారం చూసుకుంటూ.

అక్క మొహం చూడలేకపోయాను. పదిహేనేళ్లు ముందరి గదిలో వంగి కుట్టిన మనిషి. ఆమె దుకాణం నా కారు కింద పడి నలిగిపోతోంది.

అక్క మల్గి అరుగు మీద కూర్చుంది. మల్గి వైపు వీపు పెట్టి, ఎదురుగా ఉల్లిగడ్డల బండ్లను చూస్తూ మాట్లాడింది.

"బాపు, నువ్వు తప్పు చూస్తున్నవ్. గా బండిని చూసి మాకు పైసలున్నయనుకుంటున్నవ్. గా బండిని చూసి మాకు తెలివి లేదనుకోవాలె."

ముసలాయన తల తిప్పాడు.

"ఇంట్ల ముగ్గురు మనుషులు, బండిల రెండు సీట్లు. కన్నతల్లి ఆటోల పోతది, వీడు కార్ల పోతడు. ఆటోనే ముందుగాల పోతది. జనగామ నుంచి గీడిదాక రెండు చెక్కలు మోసుకుంట వచ్చిండు. ఏయ్ తమ్మీ, చెక్కలు సూపియ్యి బాపుకు."

అమ్మ ఫోన్‌లో ఆమెకు ఏదీ దాచలేదన్నమాట. చూపించాను. అంతటితో వదల్లేదు, ఎట్లా పెడతానో చేసి చూపమంది. బజారులో అందరి ముందు, చక్రాల ముందు చెక్కలు పెట్టి, తీసి చూపించాను. ముసలాయనకు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"అయ్యో పాపం" అన్నాడు నన్ను చూసి.

"కిరాయి కట్టేది వీడు కాదు బాపు, నేను. సూదితోని కట్టాలె. ఫోన్ల దుకాణాలు ఏడాదికొకటి లేస్తయి, ఏడాదికొకటి పోతయి. నేను పదిహేనేండ్ల నుంచి ఒక్క కిటికీ కాడినుంచి మిషన్ జరపలే. ఏడు వేలు. నీ ఇష్టం." లేచి కొంగు సర్దుకుంది.

"కూసో బిడ్డా" అన్నాడు ముసలాయన.

నా జన్మలో అంత చక్కటి మాట వినలేదు. ఏడుకు ఒప్పుకున్నాడు. నేను ఊపిరి తీసుకునేలోగా అక్క అడిగింది:

"మరి కొసరు?"

"ఇంకేం గావాలె తల్లీ!"

"మోరి మీద కొత్త బండ ఏపియ్యి. ఆడోళ్లు దాటొద్దా?"

"ఏపిస్త. కాని మేస్త్రి దొరికేసరికి నెల పడ్తది."

అక్క నా చేతుల్లోకి చూసింది. చెక్కలు రెండూ తీసుకుని, పగిలిన బండ పక్కన మోరికి అడ్డంగా పరిచింది. ఒక కాలు పెట్టి బరువు చూసింది. దాటి, తన దుకాణంలోకి పోయింది.

"అక్కా, మరి నేను ఇంటికెట్ల పోవాలె?"

"బస్సుల పో. బండి ఈడనే ఉండనియ్యి. దాన్ని చూడనీకన్న నలుగురొస్తరు."

బస్సులో పోయాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా జనం సీట్లోంచి ఎగిరి డ్రైవర్‌ను తిట్టారు. నేనొక్కణ్ని హాయిగా కూర్చున్నాను.

నెల తరువాత కారు కోసం పోతే మోరి మీద కొత్త బండ ఉంది. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు కారులో కూర్చుని ఫోటో దిగుతున్నారు. మల్గిలో నా టేకు చెక్కలు గోడకెక్కి, వాటి మీద దారపు రీళ్లు రంగుల వరసలో నిలబడి ఉన్నాయి.

"అక్కా, నా చెక్కలు?"

"కొసరు ఎవలన్న వాపస్ ఇస్తరా తమ్మీ?"

కారెక్కాను. వీధి చివర స్పీడ్ బ్రేకర్ ముందు ఆగి, ఏం చేయాలో తోచక కూర్చున్నాను. వెనక నుంచి అక్క కేక వినిపించింది. చేతిలో కత్తెరతో బండ మీద నిలబడి ఉంది.

"నేరుగ పోకు! మూలకు తిప్పు, మెల్లగ ఒక్కొక్క చక్రం ఎక్కియ్యి!"

మూలకు తిప్పాను. ఒక్కొక్క చక్రమే ఎక్కింది, ఒక్కొక్కటే దిగింది. కింద ఏ చప్పుడూ రాలేదు.