నేలను బట్టి మార్చుకోవచ్చు

కంబదూరు దగ్గర ఒక వంక మీద చెక్‌డ్యాం కట్టే పనికి నేను ఇంజనీరును. అంతకుముందు ఒప్పందాలు మహా బిర్రుగా ఉండేవి. తవ్వుతుంటే బండ అడ్డొచ్చినా, పైవాళ్ళ అనుమతి వచ్చేదాకా పని ఆగిపోయేది. ఆ బాధ పడలేకే ఈసారి, పునాది లోతును నేలను బట్టి మార్చుకోవచ్చని రాయించాను. మా కాంట్రాక్టరు ఒప్పందంలో ఆ ఒక్క వాక్యమే చదివాడు. అది మాత్రం శ్రద్ధగా చదివాడు.

సగం లోతు కూడా తవ్వకముందే జేసీబీ ఆపించి ఫోన్ చేశాడు. "మేడం, బండ తగిలినాది. ఇంగ దిగేది కాదు."

వెళ్ళి గుంటలోకి దిగి గడ్డపార వేశాను. సులువుగా దిగింది.

"ఇది గరుసు మట్టి కదా?" అన్నాను.

"గరుసు కూడా ఒక రకం బండే మేడం," అన్నాడు, తెల్లచొక్కా నలగకుండా గట్టు మీదే నిలబడి.

లోతు తగ్గించే కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. మా పై అధికారి ఫోన్లో "కాస్త సర్దుకో తల్లీ" అని, తనే పెట్టేశాడు. కాంట్రాక్టరు ఊళ్ళో పెద్దరెడ్ల మనిషి, వాళ్ళతో ఆయనకెందుకు గొడవ!

వాన పడింది. వంక పారింది. నీళ్ళు గోడ ముందు నిలవలేదు. పునాది కింద దూరి అవతల బుడబుడమని తేలాయి. గోడ మాత్రం పెళ్ళికొడుకులా నిలబడే ఉంది.

కాంట్రాక్టరు తడబడలేదు. "ఇంత వాన వస్తాదని ఎవురనుకున్న్యారు? అగ్రిమెంటులో నేలను బట్టి అనే కదా ఉండాది!"

పక్కనే చేను ఉన్న రైతు కోపంగా అందుకున్నాడు. "ఏమప్పా, నీళ్ళు నిలిచేదానికి కాదా నువ్వు కట్టింది?"

రైతులంతా ఆఫీసు ముందు కూర్చున్నాక, సొంత ఖర్చుతో మళ్ళీ కట్టమని కాంట్రాక్టరుకు ఉత్తరువు వెళ్ళింది. ఆ వాక్యాన్ని నేను కొట్టేయలేదు. లోతు మార్చాలంటే ముందు రైతులు, నేను గుంట చూడాలని దాని పక్కన చేర్పించాను. అంతే, మార్చాల్సిన అవసరమే ఆయనకు కనబడలేదు. మొదట గీసిన లోతుకు నోరెత్తకుండా దిగాడు.

తర్వాతి వానకు నీళ్ళు నిలిచాయి. కాంట్రాక్టరు తన ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి, పసుపు కుంకుమలు చల్లి జలహారతి ఇచ్చాడు. మా పై అధికారి పక్కనే పళ్ళెం పట్టుకున్నాడు.

"రండి మేడం, మీరూ ఫోటోలో నిలబడండి," అని పిలిచాడు కాంట్రాక్టరు.

నేను జీపెక్కి కళ్యాణదుర్గం వైపు పొమ్మన్నాను.