గోవిందరాజులు గారింట్లో మిక్సీ లేదు

ప్రొఫెసర్ గోవిందరాజులు గారు ఏ వస్తువూ కొనరు. అడుగుతారు.

డబ్బులేక కాదండోయ్. ఢిల్లీలో పేరున్న విశ్వవిద్యాలయంలో పర్యావరణ అర్థశాస్త్రం చెప్పే పెద్ద ప్రొఫెసరు. ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో సొంత ఫ్లాటు. అయినా సరే, నిచ్చెన కావాలంటే కింది ఫ్లాటుకి వెళతారు, ఇస్త్రీపెట్టె కావాలంటే ఎదురు ఫ్లాటుకి వెళతారు, సూట్‌కేసు కావాలంటే ఈ మధ్య ఊరెళ్లి వచ్చిందెవరో వాకబు చేసి మరీ వాళ్ల తలుపు కొడతారు. ఆదివారం పూట బెల్లు మోగితే ఆ అపార్టుమెంటులో జనం తలుపు తీయకుండానే లోపల్నుంచి "నిచ్చెనా, సుత్తా అండీ?" అని అడిగేవారు.

దీనికి ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. సిద్ధాంతం లేకుండా ఇల్లిల్లూ తిరిగి అడిగేవాళ్లని మనం వేరే పేరుతో పిలుస్తాం. సిద్ధాంతం ఉంటే ప్రొఫెసరు గారంటాం.

"డ్రిల్లింగ్ మిషను ఉందనుకో. గోడకి రెండు కన్నాలు పెడుతుంది. ఆ తర్వాత జీవితాంతం అటక మీద గురకపెట్టి నిద్రపోతుంది. దాని ఇనుము కోసం ఎక్కడో ఒక కొండ తవ్వేశారు కదా! ఇంటికో మిషనంటే ఇంటికో కొండ. ఎక్కణ్ణుంచి తెస్తాం కొండలు?" అనేవారు.

వినడానికి బాగానే ఉంటుంది. క్లాసులో పిల్లలు చప్పట్లు కూడా కొట్టేవారు. కొండ మన నెత్తిన పడ్డప్పుడే తెలుస్తుంది దాని బరువు. భవ్యశ్రీకి మొదటిరోజే తెలిసింది.

తణుకు నుంచి వచ్చి, కటవారియా సరాయ్‌లో గాలి వెలుతురూ రాని గదిలో దిగి, పీహెచ్‌డీ కోసం ఆయన గదిలోకి అడుగుపెట్టింది భవ్యశ్రీ. వైశాలికి ఇంకా మెట్రో రాని రోజులవి. పరిశోధన గురించి ఏం అడుగుతారోనని రాత్రంతా పుస్తకాలు తిరగేసి వచ్చిన పిల్ల. ఆయన తలెత్తి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"నీ గదిలో ఏమేం సామానుంది?"

"పరుపు, బకెట్టు, స్టవ్వు... మా అమ్మ పంపిన మిక్సీ ఉంది సార్."

"మిక్సీయా!" ఆయన కళ్లు మెరిశాయి. "వారానికి ఎన్నిసార్లు తిప్పుతావు?"

"ఆదివారం పచ్చడికి సార్, ఒక్కసారి."

"మిగతా ఆరు రోజులూ నిద్రేగా పాపం! మా ఇంట్లో మిక్సీ లేదు. ఓసారి ఇస్తావా?"

గైడుగారు అడిగితే లేదని ఎవరంటారు? ఆ సాయంత్రమే ఆయన కటవారియా సరాయ్ సందుల్లోకి స్వయంగా వచ్చి, మిక్సీని చంకనెత్తుకుని, బ్లూలైన్ బస్సెక్కి వెళ్లిపోయారు. బస్సు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది భవ్యశ్రీ.

"ఆదివారం వచ్చి తీసుకోమ్మా" అని మాత్రం అన్నారు.

ఆదివారం బస్సులో ఆనంద్ విహార్ దాకా, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వైశాలి చేరేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. ప్రొఫెసరు గారి భార్య కృష్ణకుమారి గారు తలుపు తీసి, "ఎండనపడి వచ్చావు, ఫ్యాను కింద కూచో" అని వంటింటి వైపు తొంగిచూడనివ్వకుండా కూచోబెట్టారు. అప్పటికే గోంగూర పచ్చడి సిద్ధం. పప్పు, అప్పడాలు, గడ్డపెరుగు. తిన్నాక "ఇంత ఎండలో మిక్సీ మోసుకెళ్తావా? వచ్చేవారం చూద్దాంలే" అని పచ్చడి మాత్రం డబ్బాలో పెట్టి ఇచ్చారు.

ఇంకేముంది, వచ్చేవారం డబ్బా తిరిగివ్వాలి. మన ఇళ్లలో గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అందుకని జాంకాయలు కొని అందులో వేసి పట్టుకెళ్లింది. ఆవిడా ఖాళీ డబ్బా పంపరు కదా, అందుకని కంది పచ్చడి. ఆ డబ్బా అలా తిరుగుతూనే ఉంది. మిక్సీ మాత్రం కదల్లేదు.

"నా మిక్సీలో నూరి నాకే దానం చేస్తున్నారే!" అని తనతోపాటు గదిలో ఉండే అక్షర దగ్గర గోల పెట్టేది భవ్యశ్రీ. అక్షర ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. "ఛోడ్ నా యార్, చట్నీ ఇధర్ దే" అని డబ్బా లాక్కునేది.

ఆయన ధోరణికి యూనివర్సిటీలో బలైంది లక్ష్మీపతి గారు. విభాగం ఆఫీసులో సూపరింటెండెంటు. ఎలా తెలిసిందో గానీ, ఇద్దరి కళ్లజోడు పవరూ ఒకటేనని గోవిందరాజులు గారు కనిపెట్టేశారు. అంతే, ఇద్దరు మనుషులకీ ఒకే కళ్లజోడు. ఆయన చదువుతుంటే ఈయన సంతకం చేయలేరు. ఈయన ఫైలు చూస్తుంటే ఆయన పాఠం చెప్పలేరు. "సార్, వైస్ ఛాన్సలర్ గారి ఫైలు! కళ్లజోడు!" అంటూ లక్ష్మీపతి గారు పొద్దస్తమానం వరండాలో పరుగులు పెట్టేవారు. చివరికి భోజనం వేళ మెనూబోర్డు చదవాలన్నా ఇద్దరూ కలిసే క్యాంటీన్‌కి వెళ్లాల్సి వచ్చేది.

ఇక కోటు సంగతి. పెద్ద అంతర్జాతీయ సదస్సు జరిగింది. గోవిందరాజులు గారు కింది ఫ్లాటులో ఉండే ఎడ్వర్డ్ గారి కోటు వేసుకుని వెళ్లారు. ఎడ్వర్డ్ గారిది కాకినాడ, ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు, చర్చిలో సండేస్కూలు పెద్ద. కోటుకి చర్చి బ్యాడ్జీ అలాగే ఉంది. విదేశీయులు అది చూసి పాస్టరు గారనుకుని, భోజనానికి ముందు ప్రార్థన చేయమన్నారు. ఇంకొకరైతే కంగారుపడేవారు. గోవిందరాజులు గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఉన్న కొండలైనా ఉండనీ" అని ఇంగ్లీషులో ప్రార్థించారు. హాలంతా "ఆమెన్" అంది. ఆ సదస్సు మొత్తంలో అందరూ ఒప్పుకున్న తీర్మానం అదొక్కటే.

ఇలా నవ్వుకుంటూనే మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు భవ్యశ్రీకి నవ్వు రాలేదు.

ఆమె థీసిస్ గురువుగారి సిద్ధాంతం మీదే. అపార్టుమెంట్లలో జనం ఇంటి సామాను ఒకరిది ఒకరు వాడుకుంటే భూమికెంత భారం తగ్గుతుంది? లెక్కలన్నీ చక్కగా కుదిరాయి. కానీ ద్వారక, నోయిడా, ఘాజియాబాద్ తిరిగి, "మీ వస్తువులు ఇరుగుపొరుగుకి వాడుకోడానికి ఇస్తారా?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట. "నహీ బేటా." కొందరు తలుపే తీయలేదు. రివ్యూ మీటింగులో ఒక పెద్దాయన పేజీలు తిప్పి, "లెక్కలు బాగున్నాయమ్మా. ఎవరూ ఇవ్వనప్పుడు ఈ థీసిస్ ఎవరి కోసం?" అన్నారు. ఆయన అన్నది నిజమే మరి.

గోవిందరాజులు గారు బయటికొచ్చాక, "నీ ప్రశ్న బాగాలేదేమో, మార్చి చూడు" అన్నారు. వెంటనే "స్టేప్లర్ ఉందా నీ దగ్గర?" అన్నారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఆర్నెల్లు ఆ అధ్యాయం ముందు కూచుంది. ఒక్క వాక్యం ముందుకు కదల్లేదు. ఇక చాలనుకుంది. తణుకులో జూనియర్ కాలేజీలో ఉద్యోగం ఉందని నాన్న ఎప్పట్నుంచో అంటున్నారు. రైలు టికెట్టు కొనేసి ఇంటికి ఫోన్ చేసింది.

"సరే, చదువు వదిలేస్తే వదిలేశావు. మిక్సీ మాత్రం వదిలేసి రాకు" అంది అమ్మ.

శనివారం మధ్యాహ్నం వైశాలి వెళ్లింది. ఆదివారాలే తప్ప ఇంకోరోజు ఆ గడప తొక్కి ఎరగదు. చెప్పాపెట్టకుండా వెళ్లిందేమో, తలుపు వారగా తీసి ఉంది, వంటింట్లోంచి గుర్రుమని చప్పుడు వస్తోంది. నా మిక్సీ ఎంత చాకిరీ చేస్తోందో అనుకుంటూ లోపలికి వెళ్లింది. గట్టు మీద తిరుగుతున్నది తనది కాదు. ఎర్రరంగు మిక్సీ, పిడి దగ్గర రంగు పోయి ఉంది.

కృష్ణకుమారి గారు వెనక్కి తిరిగి, గరిటె పట్టుకుని కొయ్యబారిపోయారు.

"ఇదెవరిదాంటీ?"

"అదీ... మాదే."

"మరి మీ ఇంట్లో మిక్సీ లేదని సార్ అన్నారుగా! నేను ఊరికి వెళ్లిపోతున్నానాంటీ, నాదేదీ?"

ఆవిడ గదిలోకి తీసుకెళ్లారు. మంచం కింద అట్టపెట్టె, అందులో పాత నూలుచీర చుట్టి భవ్యశ్రీ మిక్సీ. అమ్మ అంటించిన పసుపు బొట్టు కూడా చెరగలేదు.

"ఒక్కసారి కూడా తిప్పలేదమ్మా. తిప్పనివ్వలేదాయన. పరాయిపిల్ల వస్తువు, చెడగొడితే బావుండదన్నారు."

పెట్టె పక్కనే ఇస్త్రీపెట్టె ఉంది. బీరువా వెనకాల నిచ్చెన ఉంది. బల్ల మీద కళ్లజోడు కూడా ఉంది. అన్నీ ఆయన సొంతవేనట. భవ్యశ్రీ నోరు వెళ్లబెట్టింది.

"మరెందుకాంటీ ఇదంతా?"

కృష్ణకుమారి గారు మంచం అంచున కూచున్నారు. "మొదటిరోజు నిన్ను చూసి ఇంటికొచ్చి ఏమన్నారో తెలుసా? పిల్ల తిండి తినట్లేదు, మొహం పీక్కుపోయింది, భోజనానికి రమ్మంటే మొహమాటపడి రాదు, తన వస్తువు కోసమైతే వస్తుంది అన్నారు. నువ్వొచ్చావా లేదా?"

"మరి లక్ష్మీపతి గారు?"

"భార్య పోయాక ఆయన అన్నం మానేసి టేబుల్ మీద తలపెట్టుకు కూచునేవారట. ఇప్పుడు కళ్లజోడు కోసమైనా పదిసార్లు లేవాలి కదా. ఎడ్వర్డ్ గారిదీ అంతే. ఆయన భార్య ఆనందకుమారి గారు నర్సు, ఎప్పుడూ డ్యూటీయే. రిటైరయ్యాక ఆయన తలుపు తట్టేవాళ్లు లేరు. కోటు తిరిగివ్వడానికని ఈయన వెళ్తే రెండు గంటలు కబుర్లు." ఆవిడ నిట్టూర్చారు. "అటక మీంచి డబ్బా తీయాలంటే నేను మంచం మీద స్టూలేసుకుని ఎక్కుతున్నాను. బీరువా వెనక నిచ్చెన పెట్టుకుని! ఎవరైనా చూస్తే ఆయన మాట పోతుందట!"

భవ్యశ్రీకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఏడుపు ఇంకా పూర్తికాకముందే, ఇన్నేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి తనడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. మీ వస్తువులు ఇస్తారా అని కొత్తమనిషి వచ్చి అడిగితే ఎవరిస్తామంటారు? దిగ్గున లేచి మెట్లు దిగి ఎడ్వర్డ్ గారి బెల్లు కొట్టింది.

"అంకుల్, మీ వంటింట్లో మీది కాని గిన్నె ఏదైనా ఉందా?"

"అయ్యో, ఎందుకుండదమ్మా! పై ఫ్లాటు వాళ్ల స్టీలు డబ్బా, ఎదురింటి పంజాబీ ఆవిడ కుక్కరు. కేకు పెట్టి ఇద్దామని ఆగాం" అన్నారాయన.

ఎదురు ఫ్లాటులో అడిగింది. పక్క బ్లాకులో అడిగింది. "పరాయా బర్తన్? హా, హై నా!" అంటూ ప్రతి ఇంట్లోనూ ఎవరిదో ఒక గిన్నె బయటికొచ్చింది. గిన్నెతోపాటు అది ఎందుకు వచ్చిందో కథ కూడా వచ్చింది. 'ఇవ్వం' అన్నవాళ్లంతా ఇస్తూనే ఉన్నారు.

ఆమె తిరిగొచ్చేసరికి గోవిందరాజులు గారు ఇంట్లో ఉన్నారు. హాలు మధ్యలో అట్టపెట్టె, దాని ముందు ఆయన. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు.

"వెళ్లిపోతున్నావటగా" అన్నారు మెల్లగా. "ఉండమని అడిగే హక్కు నాకు లేదు. ఇప్పటిదాకా అడిగింది చాలు."

ఎవర్ని ఏమడగాలన్నా సంకోచించని మనిషి ఆ ఒక్కటీ అడగలేకపోవడం చూసి భవ్యశ్రీకి మనసు కరిగిపోయింది.

"సార్" అంది, "మీ ఎర్ర మిక్సీ నాకోసారి ఇస్తారా?"

ఆయన తెల్లబోయారు. "నీదుండగా ఇంకోటెందుకు? ఎక్కడో ఒక కొండ..."

"ఇస్తారా లేదా?"

"ఎప్పుడు తిరిగిస్తావు?"

"థీసిస్ అయ్యాక."

కృష్ణకుమారి గారు అప్పటికే ఎర్ర మిక్సీ జారు కడగడానికి వంటింట్లోకి పరిగెత్తారు. ఆ సాయంత్రం టికెట్టు రద్దయింది. ఫోన్లో అమ్మ "మరి మిక్సీ?" అంటే, "అది ఇక్కడే ఉంటుందమ్మా, నా దగ్గర వీళ్లదుంది" అని చెప్పింది. అమ్మకి ఏమీ అర్థం కాలేదు.

మరుసటి ఏడాది ఒక ఆదివారం భవ్యశ్రీ ఎర్ర మిక్సీని అట్టపెట్టెలో పెట్టుకుని వైశాలి వచ్చింది. ఎడ్వర్డ్ దంపతులు, లక్ష్మీపతి గారు భోజనానికి కూచుని ఉన్నారు. గోవిందరాజులు గారు పెట్టె మూత తీశారు. మిక్సీ మీద నల్లట్ట వేసి బైండు చేసిన థీసిస్ ఉంది.

"ఖాళీగా ఇవ్వకూడదు కదా సార్" అంది.

ఆయన చాలాసేపు ఆ అట్టని నిమురుతూ ఉండిపోయారు. తర్వాత మొదటి పేజీ తిప్పి, "లక్ష్మీపతి గారూ, ఓసారి కళ్లజోడు ఇవ్వండి" అన్నారు.

ఆయన సొంత కళ్లజోడు అప్పటికే ఆయన నుదుటి మీద ఉంది. లక్ష్మీపతి గారు దాన్ని చూశారు. తనది తీసి, కండువాతో తుడిచి, ఆయన చేతికిచ్చారు.